వేటగాళ్లు చాలు, గుమాస్తాలు కావాలి

విదేశాలు తిరిగొచ్చిన పుస్తకప్రియులు రాసే అనుభవాలకు ఈ మధ్య ఒక మూస తయారైంది. ఊరు కాని ఊరు. సన్నగా వాన. ఇరుకు సందులో ఓ పాత పుస్తకాల కొట్టు, అందులో మూతి బిగించుకున్న ముసలాయన, కిందికి దిగే చెక్క మెట్లు. ఎవరూ చెయ్యిపెట్టని అరలో, దుమ్ము కింద, అదిగో తెలుగు అక్షరాలు! మనవాడి గుండె ఝల్లుమంటుంది. బేరం కుదురుతుంది. ఆ రాత్రికే ఫొటో పడుతుంది. 'అదృష్టవంతులు సార్', 'ఎక్కడ పట్టారండీ బాబూ', 'అసూయగా ఉంది' అని కింద వంద వ్యాఖ్యలు.

ఫొటోలో అట్ట కనిపిస్తుంది. లోపల ఏముందో కనిపించదు. ఏ ప్రెస్సులో అచ్చయింది, ఏ సంవత్సరం, ఎన్ని పేజీలు, పత్రికైతే ఆ సంచికలో ఎవరెవరు రాశారు, ఇవేవీ ఉండవు. ఎవరైనా 'స్కాన్ చేయగలరా?' అని అడిగితే ఓ నవ్వు బొమ్మ పెట్టి ఊరుకుంటారు. ఆర్నెల్లకు ఆ పోస్టు ఎక్కడో కిందికి జారిపోతుంది. నిన్నటిదాకా ఆ పుస్తకం లండన్లో ఎవరికీ తెలియకుండా ఉండేది. ఇప్పుడు కూకట్‌పల్లిలో ఎవరికీ తెలియకుండా ఉంటుంది. మధ్యలో విమానం ఎక్కింది, అంతే తేడా.

దీన్ని మనం 'పుస్తకాల వేట' అంటాం. మాట ముద్దుగానే ఉంది. కానీ వేటగాడికి అడవి బాగోగులతో పని లేదు. గోడకు తగిలించుకోడానికి ఓ తలకాయ దొరికితే చాలు. ఉద్యోగం పుణ్యమా అని నేనూ కొన్ని దేశాలు తిరిగాను, తిరిగిన ప్రతిచోటా పాత పుస్తకాల కొట్లకు వెళ్లాను, లైబ్రరీల్లో కూర్చున్నాను. ఆ తిరుగుడు వల్ల నాకు బలపడిన అభిప్రాయం ఒక్కటే: విదేశాల్లో మన పుస్తకాలు బతికి ఉన్నాయంటే అది వేటగాళ్ల చలవ కాదు. పేరూ ఊరూ తెలియని గుమాస్తాల చలవ. మన దగ్గర కరువైంది కూడా ఆ గుమాస్తాలే.

*

లండన్ సంగతే చూడండి. బ్రిటిష్ లైబ్రరీలో అన్ని పాత తెలుగు పుస్తకాలు ఎలా చేరాయి? 'దోచుకుపోయారు' అని ఒకరంటారు. 'వాళ్లు కాపాడబట్టి గానీ లేకపోతే చెదలు తినేవి' అని ఇంకొకరంటారు. ఈ రెండు మాటలూ వినడానికి బాగుంటాయి. అచ్చు పుస్తకాల విషయంలో జరిగింది మాత్రం వీటికంటే చాలా చప్పగా ఉంటుంది.

1867లో ఒక చట్టం వచ్చింది. ప్రెస్సులు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం. బ్రిటిష్ ఇండియాలో ఏ పుస్తకం అచ్చయినా ప్రింటరు దాని ప్రతులు సర్కారుకు ఇవ్వాలి. సర్కారు దాని వివరాలు రిజిస్టర్లో రాయించాలి. మూడు నెలలకోసారి ఆ జాబితాను గెజిట్లో అచ్చువేయాలి. ఆ జాబితాలో ఏమేం ఉండాలో చట్టంలోనే ఉంది: పుస్తకం పేరు, భాష, రచయిత, విషయం, అచ్చయిన ఊరు, ప్రింటరు పేరు, విడుదలైన తేదీ, పేజీలు, సైజు, ఎన్నో కూర్పు, ఎన్ని ప్రతులు వేశారు, వెల ఎంత, హక్కులు ఎవరివి. ఈ చట్టం మన సాహిత్యం మీద ప్రేమతో పెట్టింది కాదు. 1857 జరిగి అప్పటికి పదేళ్లే. ఎవడేం రాస్తున్నాడో, ఎవడేం చదువుతున్నాడో కనిపెట్టి ఉండాలన్నది అందులో ఒక ఉద్దేశం. ఉద్దేశం ఏదైతేనేం, మద్రాసులో ఓ గుమాస్తా కూర్చుని, రెండణాల శతకాన్నీ నాలుగణాల వంటల పుస్తకాన్నీ ఒకే శ్రద్ధతో, లేదా ఒకే విసుగుతో, గడుల్లో నింపుకుంటూ పోయాడు. ఆ జాబితాలు లండన్ వెళ్లేవి. అక్కడ వాటిని చూసి కావలసినవి తెప్పించుకునేవారు. 1912 నాటికి బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు బార్నెట్ తయారుచేసిన అచ్చు కేటలాగే వచ్చేసింది.

నేను ఆ లైబ్రరీ మూడో అంతస్తులో, ఆసియా ఆఫ్రికా విభాగం రీడింగ్ రూములో కొన్ని రోజులు కూర్చున్నాను. రీడర్ పాసుకి డబ్బులేం లేవు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. సామాన్లు అవతలి పక్కకి కనిపించే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవాలి. చీటీ పెడితే పుస్తకం వస్తుంది. నాకొచ్చినవి ఏవీ మహాకావ్యాలు కావు. పలచని పద్యాల పుస్తకాలు, ఓ నాటకం, పిల్లల వాచకం. వీటిని ఆ రోజుల్లో ఏ వేటగాడూ వేటాడి ఉండడు. ఎవరికీ ముద్దొచ్చే పుస్తకాలు కావవి. అవి అక్కడ ఉన్నాయంటే కారణం ఒకటే: గడిలో పేరు పడింది, కాబట్టి పుస్తకం చేరింది.

ఆ త్రైమాసిక జాబితాలను బ్రిటిష్ లైబ్రరీయే 'టూ సెంచురీస్ ఆఫ్ ఇండియన్ ప్రింట్' అన్న ప్రాజెక్టులో స్కాన్ చేసింది. అదే ప్రాజెక్టులో పుస్తకాల స్కానింగ్ బెంగాలీతో మొదలైంది. మన వంతు ఎప్పుడని ఎవరైనా గట్టిగా అడిగారా? అడగాలంటే ముందు అక్కడేం ఉందో మనకు తెలియాలిగా.

*

ఇక అమెరికా. అక్కడి యూనివర్సిటీ లైబ్రరీల్లో తెలుగు పుస్తకాలు చూసి ఒళ్లు పులకరించిందని రాయని ప్రవాసి లేడు. పులకరింపు సరే, అవి అక్కడికెలా వెళ్లాయో రాసినవాళ్లు తక్కువ.

గోధుమల వల్ల వెళ్లాయి. మన పెద్దవాళ్లకు పి.ఎల్. 480 అంటే రేషన్ షాపు గోధుమలు. 1954 నాటి ఆ అమెరికన్ చట్టం కింద మనం కొన్న గోధుమలకు డాలర్లు కాకుండా రూపాయలు కట్టాం. ఆ రూపాయలు ఇక్కడే గుట్టపడ్డాయి. వాటిలో కొంత పెట్టి పుస్తకాలు కొనమని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అనుమతి దొరికింది. 1962 నుంచి ఢిల్లీ ఆఫీసు ద్వారా మన భాషల్లో కొత్తగా వస్తున్న పుస్తకాలూ పత్రికలూ కొని, అక్కడి యూనివర్సిటీలకు పెట్టెల్లో పంపుతూ పోయారు. విస్కాన్సిన్, షికాగోల్లాంటి చోట్ల తెలుగు పుస్తకాలకు అరలు ఏర్పడింది ఈ పద్ధతి మీదే.

ఇక్కడ గమనించాల్సిన మాట 'కొత్తగా వస్తున్న'. వాళ్లు అరుదైన పుస్తకాలు వెతకలేదు. విజయవాడలోనో మద్రాసులోనో రెండు రూపాయలకు, మూడు రూపాయలకు దొరుకుతున్న పుస్తకాన్ని అది దొరుకుతున్న రోజునే కొన్నారు. పత్రికకు చందా కట్టారు. సంచిక రాకపోతే ఉత్తరం రాశారు. వచ్చినదానికి కార్డు రాసి అరలో పెట్టారు. యాభై ఏళ్లు గడిచాక మనం వెళ్లి చూసి 'అబ్బ, ఎంత అరుదైన పుస్తకం!' అంటున్నాం. అది అక్కడ అరుదు కాలేదు. ఇక్కడ అరుదైంది.

ఓ అమెరికన్ యూనివర్సిటీ లైబ్రరీలో నాకు అరవైల నాటి ఓ తెలుగు నవల కనబడింది. వెనకట్ట లోపల గడువు తేదీలు ముద్రవేసే కాగితం అంటించి ఉంది. దాని మీద ఒక్క ముద్ర కూడా లేదు. అచ్చయినప్పటి నుంచీ ఆ ప్రతిని ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదన్నమాట. అయినా దానికి నంబరుంది, కేటలాగులో పేరుంది, చలికాలం వెచ్చదనమూ ఎండాకాలం చల్లదనమూ ఉన్నాయి. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారన్న నమ్మకం మీద పెట్టిన ఖర్చది. మన దగ్గర చదివేవాళ్లున్న పుస్తకానికే ఆ భాగ్యం లేదు.

*

వేటగాళ్లకు స్వర్గం లాంటి ఊరు ఏదైనా ఉందంటే టోక్యోలోని జింబోచో. నూటికి పైగా పాత పుస్తకాల కొట్లు ఒకే పేటలో. పెద్ద వీధికి దక్షిణం పక్కన, ఉత్తరం వైపు చూస్తూ ఉంటాయి చాలా కొట్లు. ఎండ పడితే పుస్తకాలు వెలిసిపోతాయని. నాకు జపనీస్ ఒక్క ముక్క రాదు. అయినా రెండు సాయంత్రాలు అక్కడే తిరిగాను. ఏదో ఒకటి 'కనిపెట్టాలన్న' ఆశతో వచ్చినవాడికి జింబోచో నిరాశే మిగులుస్తుంది. అక్కడ కనిపెట్టడానికి ఏమీ మిగల్చలేదు. ఓ కొట్టు నాటకాలకు, ఓ కొట్టు మ్యాపులకు, ఓ కొట్టు పాత సినిమా పత్రికలకు. ప్రతి పుస్తకానికీ ఓ చీటీ, చీటీ మీద వివరాలు, వెల. వర్తకులకు ఓ సంఘం, ఆ సంఘానికి సొంత భవనం, అందులో వాళ్లలో వాళ్లకు వేలం. దేశమంతటా ఉన్న పాత పుస్తకాల కొట్ల సరుకును ఒక్కచోట వెతుక్కునే వెబ్‌సైటు ఒకటి వాళ్లే నడుపుతున్నారు. బయటికి స్వర్గంలా కనిపించేది లోపల్లోపల ఓ పెద్ద ఖాతా పుస్తకం.

దీని పక్కన ఇంకో అనుభవం పెడతాను. లండన్లో ఓ కొట్లో 1920ల నాటి తెలుగు వాచకం కనిపించింది. లోపల పెన్సిలుతో 'సంస్కృతం?' అని రాసి నలభై పౌన్లు వేశారు. వేటగాడికి ఇది పండగ. కొట్టువాడికి తెలియదు, నాకు తెలుసు! కానీ ఆ ప్రశ్నార్థకాన్ని చూసి సంబరపడాల్సిందేముంది? భాష పేరైనా తెలియకుండా ఒక పుస్తకం చేతులు మారుతోందంటే, అది పోవడానికి ఒక అడుగు దూరంలో ఉందని అర్థం. మన సరదాలన్నీ ఆ ప్రశ్నార్థకం మీదే బతుకుతున్నాయి. ఎవరికీ తెలియకపోవడమే వేటగాడి పెట్టుబడి. అందరికీ తెలిస్తే వేట ఉండదు. పాపం అతను కావాలని పుస్తకాలకు అపకారం చేయడు గానీ, అతని సంతోషం మాత్రం పుస్తకం మరుగున ఉండటం మీదే ఆధారపడి ఉంటుంది.

*

పోయేదేముంది, కొందరి సరదా కొందరిది అంటారా? పోయేది సాహిత్య చరిత్ర.

మనలో చాలామంది చదువుకున్నది ఏమిటి? తెలుగులో మొదటి కథ గురజాడ 'దిద్దుబాటు', 1910, 'ఆంధ్రభారతి' పత్రిక. కానీ భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూ సుందరి'లో వచ్చింది. ఎనిమిదేళ్ల తేడా. కథ అంటే ఏమిటి, ఆధునికత అంటే ఏమిటి అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. కానీ ఆ వాదన మొదలవ్వాలంటే ముందు 'హిందూ సుందరి' సంచిక ఒకటి ఎక్కడో మిగలాలి. మిగిలినట్టు ఎవరికైనా తెలియాలి. ఆ సంచిక ఎవరి బీరువాలోనో ఉండి, ఆయన దాని అట్ట ఫొటో మాత్రం పెట్టి ఊరుకుని ఉంటే? మన మొదటి కథకురాలు ఇవాళ్టికీ మనకు కథకురాలు అయ్యేది కాదు. అచ్చమాంబ 1905లోనే చనిపోయింది. తన తరఫున వాదించుకోడానికి ఆమె లేదు. ఉన్నది పత్రిక కాగితమే.

అలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. ఆడవాళ్లు రాసినవి, కులం పేరు చెప్పుకోలేని వాళ్లు రాసినవి, చిన్న ఊళ్లలోంచి నాలుగు సంచికలు వచ్చి ఆగిపోయిన పత్రికల్లోవి. పెద్ద రచయితల పుస్తకాలు ఎలాగూ మళ్లీ మళ్లీ అచ్చవుతాయి. పత్రికల్లో మాత్రమే మిగిలినవాళ్లకు ఆ పత్రికే పుట్టుక సర్టిఫికెట్, అదే మరణ ధ్రువీకరణ. దాన్ని జేబులో వేసుకుని తిరిగే హక్కు ఎవరిచ్చారు మనకి?

ఈ సంగతి అర్థం చేసుకున్న మనిషి మనకు ఒకరున్నారు. కాళీపట్నం రామారావు. కారా మాస్టారు కథలు రాశారని అందరికీ తెలుసు. నా దృష్టిలో ఆయన చేసిన అంతే పెద్ద పని 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టడం. సాహిత్య అకాడెమీ అవార్డు డబ్బు కూడా దాంట్లోనే పెట్టారు. తెలుగులో వచ్చిన కథలన్నీ ఒకచోట ఉండాలి, ఏ కథ ఏ పత్రికలో ఏ తేదీన వచ్చిందో రాసి ఉండాలి అన్నది ఆ పని. రాసిన వాడు గొప్పవాడా కాదా, కథ బావుందా లేదా అని చూడకుండా పట్టికకు ఎక్కించాలి. ఒక గొప్ప కథకుడు, ఏది మంచి కథో ఏది కాదో చెప్పడానికి అందరికంటే అర్హత ఉన్న మనిషి, తన తీర్పును పక్కన పెట్టి గుమాస్తాలా కూర్చున్నాడు. మన కాలంలో తెలుగుకు జరిగిన మేళ్లలో అదొకటి. ఆయన లండన్ వెళ్లి ఏమీ కనిపెట్టలేదు.

*

ఇక్కడికి వచ్చేసరికి అభ్యంతరాలు మొదలవుతాయి. నాకు తరచూ ఎదురైనవి చెప్తాను.

ఒకటి: 'సంగ్రాహకులే లేకపోతే ఏమీ మిగిలేది కాదు. రోజా ముత్తయ్యను చూడండి.' చూద్దాం. తమిళనాడులో కోట్టైయూరులో ఉండి జీవితమంతా తమిళ పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు పోగుచేసిన మనిషి ఆయన. 1992లో చనిపోయాడు. కథ అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో మనం ఊహించగలం. షికాగో యూనివర్సిటీ ఆ సంగ్రహాన్ని కొని, షికాగోకు తరలించకుండా, 1994లో చెన్నైలోనే రోజా ముత్తయ్య లైబ్రరీగా నిలబెట్టింది. కేటలాగు చేయించింది, మైక్రోఫిల్ము తీయించింది. ముత్తయ్య గొప్పవాడే. ఆ గొప్పతనం మనకు అందింది మాత్రం ఆ తర్వాత కూర్చుని కార్డులు రాసినవాళ్ల ద్వారా. మన దగ్గరా అలాంటి సంగ్రాహకులు ఉన్నారు, ఇళ్లలో రెండు గదులు పుస్తకాలకే ఇచ్చి భార్యాపిల్లల చేత చీవాట్లు తింటున్నవాళ్లు. వాళ్లంటే నాకు గౌరవం. వాళ్లు పోయిన పదకొండో రోజున ఆ గదులు ఎవరు ఖాళీ చేయిస్తారో, కిలో లెక్కన ఎవరు తూకం వేస్తారో అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు కొనేవాళ్లందరికీ తెలుసు. లోపలి పేజీలో ఎవరిదో సంతకం, 'ప్రియమిత్రునికి' అన్న మాట. పుస్తకం వంద రూపాయలు.

రెండు: 'మన లైబ్రరీలకు ఇస్తే అమ్ముకుంటారు, లేదా వాన నీళ్లలో నానబెడతారు.' ఇది నిజమైన భయమే. దీనికి నా జవాబు: పుస్తకం ఇవ్వకండి. మీ దగ్గరే ఉంచుకోండి. దాని విషయసూచిక ఇవ్వండి. నాలుగు ఫొటోలు చాలు: అట్ట, ముఖపత్రం, అచ్చు వివరాలున్న పేజీ, విషయసూచిక. 'ఫలానా పత్రిక, ఫలానా నెల సంచిక, నా దగ్గర ఉంది' అన్న ఒక్క వాక్యం. దీనికి కాపీరైటు అడ్డం రాదు. మన చట్టంలో రచయిత పోయాక అరవై ఏళ్లదాకా హక్కులుంటాయి, నిజమే. ఒక పుస్తకం ఉందని చెప్పడానికి మాత్రం ఎవరి హక్కూ అక్కర్లేదు. అది చెప్పడానికి కూడా మనసు రావడం లేదంటే అడ్డొస్తున్నది చట్టం కాదు. 'నా దగ్గర మాత్రమే ఉంది' అన్న తియ్యటి మాట.

పీడీఎఫ్‌ల్లో కూడా ఇదే జబ్బు మొదలైంది. స్కాన్ చేసిన పుస్తకానికి ఎన్ని కాపీలైనా తీయొచ్చు, ఒకటి ఇస్తే ఒకటి తగ్గదు. అయినా 'నువ్వు అది ఇస్తే నేను ఇది ఇస్తా' అని చిన్నప్పుడు స్టాంపులు మార్చుకున్నట్టు మార్చుకుంటున్నారు. కాగితాన్ని దాచుకోడం అర్థం చేసుకోగలను. ఫైలును దాచుకోడం ఏమిటండీ?

మూడు: 'లండన్లో ఉన్నాయిగా, భద్రంగా ఉంటాయి, మనకెందుకు బెంగ?' 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. కేటలాగు పడిపోయింది. ప్రధాన కేటలాగులో మళ్లీ వెతుక్కునే వీలు 2024 జనవరిలో గానీ రాలేదు. ఆ నెలల్లో పుస్తకాలు అరల్లోనే ఉన్నాయి, ఒక్కటీ కాలిపోలేదు. కానీ ఏది ఎక్కడుందో చెప్పే జాబితా పోయేసరికి అంత పెద్ద లైబ్రరీ సగం మూగబోయింది. గుమాస్తా విలువ ఏమిటో దీన్ని మించిన పాఠం ఉండదు. ఏ వస్తువూ ఒక్కచోటే ఉంటే భద్రం కాదన్నది రెండో పాఠం. మనకు ఇది కొత్తేం కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ సైటు మూతపడింది. ఆ పుస్తకాలు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయంటే ఎవరో ముందే ఇంకోచోటికి కాపీ చేశారు కాబట్టి. అందులోనూ పేర్లన్నీ తప్పుల తడకలు. రచయిత పేరు ఉండాల్సిన చోట 'లభ్యం కాదు'. ముఖపత్రం మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు ఎందుకు లభ్యం కాలేదు? చూసి రాసే మనిషి లేక. తెలుగు వికీపీడియాలో కొందరు ఓపిగ్గా కూర్చుని ఆ పుస్తకాలకు జాబితాలు కట్టారు. వాళ్లకు ఎవరూ శాలువాలు కప్పలేదు.

*

పాత పుస్తకాల మాట అలా ఉంచండి. రేపటి అరుదైన పుస్తకాలను ఇవాళ మనమే తయారుచేస్తున్నాం.

1954లో మన పార్లమెంటు ఓ చట్టం చేసింది. ప్రతి ప్రచురణకర్తా తన పుస్తకం ప్రతులు నాలుగు లైబ్రరీలకు సొంత ఖర్చుతో పంపాలి: కలకత్తాలో నేషనల్ లైబ్రరీ, మద్రాసులో కన్నెమరా, ఇంకా బొంబాయిలో ఒకటి, ఢిల్లీలో ఒకటి. నాలుగింటిలో ఒక్కటీ తెలుగు నేల మీద లేదు. పంపకపోతే జరిమానా యాభై రూపాయల దాకా, దానిపైన పుస్తకం వెల. ఇప్పుడు యాభై రూపాయలకు హైదరాబాదులో రెండు మంచి టీలు రావు. నాకు తెలిసిన చిన్న ప్రచురణకర్తలను, సొంత డబ్బుతో కవిత్వం వేసుకున్నవాళ్లను చాలామందిని అడిగాను, ఈ చట్టం పేరు విన్నారా అని. ఇద్దరో ముగ్గురో విన్నారు.

ఇక ఆ 1867 చట్టం. దాని స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1న అమల్లోకి వచ్చింది. అందులో పత్రికలున్నాయి, పుస్తకాలు లేవు. మన మీద నిఘా పెట్టడానికి తెల్లదొరలు పెట్టించిన రిజిస్టర్ మనల్ని కాపాడింది. మనకోసం మనం పెట్టుకోవాల్సిన రిజిస్టర్ ఖాళీగా ఉంది. నిఘా తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. ఒక భాషలో ఈ ఏడాది ఏయే పుస్తకాలు వచ్చాయో ఒక్కచోట రాసి ఉండాలని కోరడం మాత్రం పెద్ద కోరిక కాదు. రెండు రాష్ట్రాలు, ఇన్ని యూనివర్సిటీ తెలుగు శాఖలు, ఇన్ని అకాడెమీలు, అమెరికాలో ఇన్ని సంఘాలు. మహాసభలకు హీరోయిన్‌ను తీసుకెళ్లే విమానం టిక్కెట్టు డబ్బుతో ఒక గుమాస్తాకు ఏడాది జీతం ఇవ్వచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవడో టొరంటోలో ఓ గరాజ్ సేల్‌లో ఇవాళ్టి కవితా సంపుటి ఒకటి చూసి గుండె పట్టుకుని ఫొటో పెట్టే అవసరం అప్పుడు ఉండదు.

మరి విదేశాలు వెళ్లినప్పుడు కొట్లకు వెళ్లొద్దా? వెళ్లండి. ఆ వాసన, ఆ మెట్లు, ఆ ముసలాయన, ఆ ఆనందం, అన్నీ మీవి. వాటితోపాటు ఇంకో పని చేయండి. రంగూన్ వెళ్తే పాన్సోడాన్ వీధిలో పేవ్‌మెంట్ మీద పుస్తకాలు తిరగేయండి. మన వాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి వేలకు వేలు అక్కడికి వెళ్లారు. 1942లో కాలినడకన, అరవైల్లో ఒంటి మీది బట్టలతో తిరిగొచ్చారు. వాళ్లు అక్కడ ఏం చదివారు, ఏం అచ్చువేసుకున్నారు అన్నది ఓ పెద్ద ఖాళీ. అయితే పేవ్‌మెంట్ కంటే ముందు జాబితాలు చదవండి. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. ఆ 1867 చట్టం అక్కడా నడిచింది. రంగూన్ గుమాస్తా కూడా గడులు నింపాడు. ఏ పుస్తకం కోసం వెతకాలో తెలిసి వెతికేవాడికీ, ఏదో ఒకటి తగలకపోతుందా అని తిరిగేవాడికీ చాలా తేడా ఉంది.

దొరికిందా? సంతోషం. ఫొటో పెట్టండి, నేనూ లైకు కొడతాను. కానీ అట్టతో ఆపకండి. ముఖపత్రం, అచ్చు వివరాలు, విషయసూచిక. ప్రకటనలు కూడా చింపకండి, వదిలేయకండి. ఆంధ్రపత్రిక నడిపిన మనిషే అమృతాంజనం అమ్మాడని మర్చిపోవద్దు, మన పత్రికల బతుకు ఆ ప్రకటనల్లో ఉంది. పుస్తకం పేరు తెలుగులో, వెతికితే దొరికేలా, అక్షరాల్లో టైపు చేయండి. ఆ టైపు చేయడం ఎంత విసుగో నాకు తెలుసు. పని అంటే అదే.